పరిశుభ్రత పేరిట ప్రాణహాని వద్దు



స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

పరిశుభ్రతకు విశ్వాసంలో సగభాగమంతటి స్థానం ఉందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఈ బోధ మనలో పిల్లలకు సైతం కంఠస్థమే. అయితే శుభ్రత పేరిట మనం ఇంట్లోకి తెచ్చుకొంటున్న విషాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ.

గడచిన రమజానుకు ముందు మన మస్జిదు వుజూఖానాను కడిగించాము. కుళాయిలకు పట్టిన తెల్లని పొర పోవాలని యాసిడ్, పాచి పోవాలని బ్లీచింగ్ పౌడరు మేమే తెప్పించి ఇచ్చాము. కడిగే సోదరుడు రెండింటినీ ఒకేచోట పోశారు. క్షణాలలో ఊపిరాడక, దగ్గుతూ బయటకు వచ్చి మెట్లపై కూలబడ్డారు. అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. తప్పు ఆయనది కాదు, చెప్పవలసిన మాట చెప్పని మాది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, సైనికులపై ప్రయోగించినది ఆ వాయువునే.

మస్జిదును ఊడ్చే వ్యక్తి కనిపించకపోతే దైవప్రవక్త (సఅసం) ఆరా తీశారు. మరణవార్త విని, తనకెందుకు తెలుపలేదని అడిగి, సమాధి వద్దకు వెళ్లి నమాజు చేశారు. ఆయన అనుచరులమైన మనం, కడిగేవారి ఊపిరిని పణంగా పెట్టి మస్జిదును మెరిపించడం ధర్మమా? ఎవరికీ హాని చేయరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి.

మన మేళ్లచెరువు నేల సున్నపురాతి నేల. సిమెంటు కర్మాగారాలు ఇక్కడ వెలసినది ఆ రాయి కోసమే. అటువంటి నేలలోని నీటిలో సున్నం కరిగి ఉంటుంది. అందువల్లనే సబ్బు సరిగా నురగదు, కుళాయిలపై తెల్లని పొర పేరుకుంటుంది. దానిని తీయడానికి ఘాటైన యాసిడ్ అక్కరలేదు, పులుపు చాలు. సిర్కాలో తడిపిన గుడ్డను కుళాయికి చుట్టి గంటసేపు ఉంచి, రుద్ది కడిగితే పొర వదులుతుంది. నిమ్మచెక్క కూడా పనిచేస్తుంది. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు, ఉప్పు చాలు. అయితే నాపరాతి బండలపై పులుపు పోయరాదు. అదీ సున్నపురాయే గనుక నునుపు పోయి గరుకెక్కుతుంది.

నేల తుడవడానికి, పాత్రలు తోమడానికి కుంకుడుకాయ ఉత్తమం. పదిహేను కాయల గింజలు తీసి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం మరిగించి, పిసికి వడగట్టాలి. ఉప్పునీటిలో సబ్బు విరిగినట్లు ఈ రసం విరగదు. రెండు మూడు రోజులలో వాడుకోవాలి, కళ్లలో పడనీయరాదు. మయ్యిత్ స్నానానికి రేగాకులు కలిపిన నీటిని వాడమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. కనుక ఆకులతో, కాయలతో శుభ్రపరచుకోవడం మనకు కొత్త విద్య కాదు.

సిర్కాతో కడిగితే పాకీ లభిస్తుందా అని కొందరు అడుగుతుంటారు. వస్తువుకు అంటిన అశుద్ధాన్ని సిర్కా వంటి పరిశుద్ధమైన ద్రవంతో తొలగించవచ్చునని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. ఇమామ్ షాఫయీ (రహ్మలై) దృష్టిలో నీరే కావాలి. కాబట్టి చివరగా నీటితో కడిగితే సందేహమే ఉండదు. వుజూకు మాత్రం నీరు తప్ప సిర్కా చెల్లదు.

ఇంటి సాధనాలు అన్నిటికీ సరిపోతాయని మేము చెప్పము. వాంతులు, విరేచనాలు సోకిన ఇంట క్రిములను చంపడానికి బ్లీచింగ్ పౌడరు అవసరమే. అప్పుడు దానిని నీటిలో మాత్రమే కలిపి, తలుపులు తెరిచి వాడాలి. యాసిడ్‌తోనే కాదు, సిర్కాతో, నిమ్మరసంతో కూడా కలపరాదు. యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచరాదు. దాహంతో వచ్చిన బిడ్డకు ఆ తేడా తెలియదు.

సోదరులారా! ఈ మాటలను ఇంటిలోని స్త్రీలకు మాత్రమే అప్పగించి ఊరుకోకండి. నేడే ఇంటికి వెళ్లి స్నానాలగదిలోని సీసాలను మీ చేతులతో వేరుచేయండి. వుజూఖానాలో ఇకపై సిర్కా, కుంకుడు రసమే వాడాలని మేమూ నిశ్చయించుకొన్నాము.

పరిశుభ్రతను, దానితోపాటు సాటివారి ప్రాణాలపై శ్రద్ధను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.