60 రోజులు, ఒక పద్దు పుస్తకం

అమెరికాలో హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్నవారి ఉద్యోగం ఊడితే, కొత్తది చూసుకోవడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. 2017 జనవరి నుంచి ఇదే నిబంధన. దేశంలో ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఐ-94 గడువు ముందే తీరిపోతుంటే అన్ని రోజులు కూడా ఉండవు. కంపెనీ ఎన్ని నెలల పరిహారం చేతిలో పెట్టినా ఆ లెక్క ఆగదు. పైగా ఆ లోపు ఆఫర్ వస్తే సరిపోదు, కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేయాలి. దానికి ముందు కావలసిన కార్మిక శాఖ ధ్రువీకరణకే దాదాపు ఏడు పనిదినాలు పడుతుంది. లాయరు కాగితాల పని కూడా తీసేస్తే, వెతకడానికి నికరంగా మిగిలేవి ఆరేడు వారాలు. ఇంత బిగువులో అయినవాళ్లంతా చెప్పే మాట, కనిపించిన ప్రతిదానికీ అప్లై చేసెయ్యమని. ఆ కంగారు అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ వేటలో చాలామందికి కొరవడేది శ్రమ కాదు, తాము చేసిన పని తాలూకు జ్ఞాపకం.

కాంట్రాక్టు ఉద్యోగాల సంగతే చూడండి. ఒకే క్లయింటు దగ్గరున్న ఒకే ఖాళీకి నలుగురైదుగురు వెండర్లు (కన్సల్టెన్సీలు) మనుషుల్ని వెతుకుతుంటారు. ప్రకటనలో క్లయింటు పేరు చాలాసార్లు ఉండదు. రెండు కన్సల్టెన్సీల నుంచి ఒకే అభ్యర్థి రెజ్యూమె వెళ్లిందంటే, వెండర్ల తగువు మనకెందుకని క్లయింటు ఆ అభ్యర్థినే పక్కన పెట్టేయవచ్చు. ఆ భయంతోనే రిక్రూటర్లు మీ తరఫున పంపడానికి మెయిల్లో సమ్మతి రాయించుకుంటారు. అంటే వెండరు తన పద్దు తాను రాసుకుంటున్నాడు. రాసుకోనిది అభ్యర్థి ఒక్కడే! క్లయింటు పేరు, ఊరు, రేటు, తేదీ, ఎవరి ద్వారా, ఏ రెజ్యూమె అన్నవి ఒక ఎక్సెల్ షీటులో ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. రెండు వారాలు తిరిగేసరికి అదే షీటు ఇంకో సంగతి కూడా చెబుతుంది. కాల్సే రాకపోతే లోపం రెజ్యూమెలోనో, ఎంచుకున్న ఉద్యోగాల్లోనో ఉండవచ్చు. కాల్స్ వచ్చి మొదటి టెక్నికల్ రౌండులోనే ఆగిపోతుంటే రెజ్యూమెని మళ్లీ మళ్లీ దిద్దడం వృథా, చదవాల్సింది సబ్జెక్టు. రాసిపెట్టుకోకపోతే రెండూ ఒకే దురదృష్టంలా కనిపిస్తాయి.

ఉద్యోగాలు తెలిసినవాళ్ల ద్వారా వస్తాయి గానీ చిట్టాల వల్ల రావు కదా అనేవారున్నారు. మొదటి సగం నిజమే. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఉద్యోగం మారినవారిని పరిశీలిస్తే, సగానికి పైగా పరిచయాల ద్వారానే కొలువు సంపాదించారని తేలింది. అయితే ఆ పరిచయస్థుల్లో ఎక్కువమంది రోజూ కలిసే ఆప్తులు కారు, ఎప్పుడో ఒకసారి తారసపడేవారు. దగ్గరి మిత్రులకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు దూరపువారి దగ్గరే ఉంటుంది. ఆ దూరపువారినే మనం మరిచిపోతాం. రూమ్మేటుకు ఫోన్ చేయడానికి చిట్టా అక్కర్లేదు. పాత ప్రాజెక్టులో పక్క టీము లీడ్ వచ్చే మంగళవారం తర్వాత కదపమన్నాడని గుర్తుండాలంటే మాత్రం రాసుకోవాల్సిందే.

రాతకోతలకు పోయే సమయంలో ఇంకో పది అప్లికేషన్లు పెట్టుకోవచ్చన్నది మరో అభ్యంతరం. షీటుకు రంగులద్దుతూ కూర్చునేవారి విషయంలో అది న్యాయమే, అదీ ఒక రకం వాయిదా వేయడమే. రాత్రి పడుకునే ముందు పావుగంట మించితే ఆ పద్ధతి మార్చుకోవాలి. మార్కెట్టే పడిపోయినప్పుడు ఏ షీటూ ఖాళీలను పుట్టించలేదన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ కాగితాలు భద్రపరచుకునే విషయంలో ఈ మినహాయింపులేవీ లేవు. పే స్టబ్‌లు, పిటిషన్ ఆమోదం తెలిపే ఐ-797, పాత ఆఫర్ లెటర్ ఇంకా పనిలో ఉండగానే సొంత మెయిలుకో డ్రైవుకో చేరాలి. లేఆఫ్ కబురు వచ్చిన గంటలోనే కంపెనీ లాగిన్ మూసుకుపోవచ్చు. చదువు తర్వాత పనిచేయడానికిచ్చే ఓపీటీ అనుమతి మీదున్న విద్యార్థులకు లెక్క మరో తీరు. ఉద్యోగం లేని రోజులన్నీ కూడి మొత్తం 90 దాటకూడదు, సైన్సు, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే 150. మధ్యలో ఉద్యోగం దొరికినా గడిచిన రోజులు లెక్కలో అలాగే ఉంటాయి. కాబట్టి షీటులో మొదటి గడి వాళ్లు ఆ అంకెకే కేటాయించుకోవాలి.