మునగాకుతో కోడికూర.. చింతకాయతో రొయ్యల పులుసు
ఫిలిప్పీన్స్ ఇళ్లలో మన పెరటి కూరలే

కూరలో పులుపు తగలకపోతే తెలుగువారికి ముద్ద దిగదు. ఏడు వేలకు పైగా దీవులున్న ఫిలిప్పీన్స్ దేశంలోనూ ఇదే వరస. డాక్టరు చదువుకని మనీలా, దవావో నగరాలకు వెళ్లిన తెలుగు పిల్లలకు అక్కడి 'సినిగాంగ్' రుచి చూస్తే ఇంటి పులుసు గుర్తుకు రాక మానదు.

సినిగాంగ్ అంటే చింతకాయ పులుసే. పచ్చి చింతకాయలు ఉడికించి, నలిపి, రసం వడకడతారు. అందులో ఉల్లి, టమాటా, ముల్లంగి, వంకాయ, బెండ, అలసంద కాయలు ఉడికిస్తారు. చివరలో రొయ్యలు గాని, పాలబొంత చేప ముక్కలు గాని వేసి, దించే ముందు తూటికూర కలుపుతారు. తాలింపు ఉండదు. పసుపు లేదు. ఒకటి రెండు పచ్చిమిరపకాయలు పడితే అదే కారం. చింతకాయ లేని రోజు పచ్చిమామిడి, పండిన జామకాయ కూడా వాడతారు. మామూలు నీళ్లకు బదులు బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పోయడం అక్కడి ఇల్లాళ్ల ఒడుపు. పులుసు కాస్త చిక్కబడుతుంది. మన ఊళ్లలో ఆ నీళ్లు గేదె కుడితిలోకి పోతాయి.

'అడోబో' పేరు స్పెయిన్ వాళ్లు పెట్టింది. కూర మాత్రం వాళ్లు రాకముందు నుంచీ ఉన్నదే. 1613లో అచ్చయిన టగలోగ్ భాషా నిఘంటువులోనే దీని ప్రస్తావన ఉంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో, ఉక్కపోత దేశంలో మాంసం చెడకుండా ఉప్పు, వెనిగర్ కాపాడేవి. సోయా సాస్ తరువాత చైనా వర్తకులతో వచ్చింది. కిలో కోడిమాంసానికి అరకప్పు వెనిగర్, అరకప్పు సోయా సాస్, దంచిన వెల్లుల్లి రెబ్బలు ఏడెనిమిది, చెంచాడు మిరియాలు, రెండు బిరియానీ ఆకులు పట్టించి అరగంట ఉంచాలి. కప్పు నీళ్లు పోసి సన్నని సెగన ఉడికించాలి. తెర్లే వరకూ గరిటె పెట్టకూడదంటారు, వెనిగర్ పచ్చివాసన పోదట. సాస్‌లోనే ఉప్పుంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేసుకోవాలి. పులుపు వంటకు అల్యూమినియం గిన్నె పనికిరాదు, మట్టికుండ శ్రేష్ఠం. అక్కడ పందిమాంసంతో ఎక్కువగా చేస్తారు. తిననివారికి కోడి ఉండనే ఉంది.

ఉత్తరాన ఇలోకోస్ ప్రాంతం వారి 'పినక్‌బెట్'లో కాకర, వంకాయ, బెండ, టమాటా కలిపి, ఉప్పులో ఊరేసిన చేపల ముద్దతో మగ్గిస్తారు. కాకర చేదు మిగతా ముక్కలకు అంటకుండా గరిటెతో తిప్పరు, కుండనే కుదుపుతారు. బికోల్ వారు చేమాకును కొబ్బరిపాలలో వండుతారు. సరిగా ఉడకకపోతే గొంతు దురద తప్పదన్న సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు.

అన్నిటిలోకీ మన ఇళ్లకు పనికొచ్చేది 'టినోలా'. ఆషాఢంలో తప్ప మన దగ్గర మునగాకు మేకల పాలు. అదే ఆకు పొడిని ప్యాకెట్లలో డబ్బు పెట్టి కొంటున్నాం! ఫిలిప్పీన్స్‌లో బాలింతకు పాలు పడతాయని మునగాకు వేసిన టినోలా తప్పకుండా పెడతారు. అరకిలో కోడి తెచ్చినా పచ్చి బొప్పాయి ముక్కలతో కలిసి ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కాస్త నూనెలో అల్లం, వెల్లుల్లి, ఉల్లి వేగాక మాంసం వేసి తిప్పాలి. నీళ్లు ధారాళంగా పోసి మెత్తగా ఉడకనివ్వాలి. ఆ తరువాత బొప్పాయి వేయాలి. అక్కడ ఉప్పుకు బదులు చేపల నుంచి తీసిన 'పటిస్' పోస్తారు. అది లేనివారు ఉప్పుతో సరిపెట్టుకోవచ్చు. మునగాకు మాత్రం దించేటప్పుడే గుప్పెడు వేసి మూత పెట్టాలి. ముందే వేస్తే చేదెక్కుతుంది.