పక్క పొలంలోంచి బండిబాట: 20 ఏళ్ల లెక్క ఏమిటి?

మొన్న ఆదివారం హోసూరు పక్క పల్లె నుంచి ఒక రైతు పాత కాగితాలు పట్టుకొని సంఘం ఆఫీసుకు వచ్చారు. తాతగారి కాలం నుంచి పక్క పొలంలోంచే బండి తోలుకుంటున్నారు. ఆ పొలం ఇప్పుడు చేతులు మారింది. కొత్తాయన ముళ్లకంచె వేసి, "పట్టాలో మీకు దారి ఎక్కడుంది?" అంటున్నాడట.

పట్టాలో లేకపోయినా దారి హక్కు ఉండొచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం, దారిని 20 ఏళ్లు అందరికీ తెలిసేలా, గొడవ గానీ ఆటంకం గానీ లేకుండా, హక్కుగా వాడుకుంటే అది హక్కే అవుతుంది. సర్కారు భూమి మీదుగా అయితే 30 ఏళ్లు. ఈ చట్టం అమల్లో లేని చోట 1963 నాటి లిమిటేషన్ చట్టం 25వ సెక్షను ఉంది. అక్కడా ఇదే లెక్క.

చిక్కంతా "హక్కుగా" అన్న మాటలోనే. "అన్నా, ఈ ఏడు కూడా బండి తోలుకుంటాం" అని ఏటా అడిగి వెళ్తే అది వారిచ్చిన అనుమతి. ఎన్నేళ్లు గడిచినా హక్కు కాదు. మనవాళ్ల మర్యాదే కోర్టులో మనకు ఎదురు తిరుగుతుంది, ఏం చేస్తాం!

కంచె వేసినంత మాత్రాన 20 ఏళ్ల లెక్క తెగిపోదు. అడ్డం వేశారని తెలిసీ ఏడాదిపాటు సహించి ఊరుకుంటే తెగుతుంది. పైగా ఆ 20 ఏళ్లు దావా వేయడానికి ముందు రెండేళ్లలోపు ముగిసినవై ఉండాలి. పెద్దమనుషుల మాటంటూ పండగ తర్వాత పండగకు వాయిదా వేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. ముందు లాయరు చేత నోటీసు ఇప్పించి, నకలూ పోస్టు రసీదూ దాచుకోండి.

అన్నదమ్ముల పంపకంలో వెనక భాగానికి వేరే దారే లేకపోతే 20 ఏళ్లతో పనిలేదు, 13వ సెక్షను చాలు. వేరే దారి ఏర్పడితే మాత్రం ఆ హక్కు పోతుంది. నడకదారి హక్కుతో ట్రాక్టరు తోలతామన్నా కుదరదు.

ఆ రైతు తాతగారి దస్తావేజు తెలుగులో ఉంది. చెక్కుబందీ కింద "మామూలు బండిబాటతో సహా" అని రాసి ఉంది. తర్వాత తమిళంలో రాయించిన పంపకం కాగితంలో ఆ ముక్క జారిపోయింది. ఇంట్లో తెలుగు చదివేవారు లేక ఎవరూ గమనించలేదు. మీ ఇళ్లలోనూ అలాంటివి ఉంటే ఆదివారం తీసుకురండి, చదివి పెడతాను.