ఘాటుకు లొంగే క్రిములు

*వాము, లవంగం, దాల్చినచెక్క, నీలగిరి... వీటి నూనెలు బ్యాక్టీరియాను చంపుతాయన్నది నిజం. రెండు మూడు కలిస్తే కొన్నిసార్లు ఇంకా గట్టిగా పనిచేస్తాయన్నదీ నిజం. మరి అవి యాంటీబయాటిక్ మాత్రల స్థానంలోకి ఎందుకు రాలేకపోయాయి? ఎక్కడ మాత్రం వాటిదే పైచేయి?*

వాము పువ్వు, పుదీనా పువ్వు, ముద్దకర్పూరం. మూలికల దుకాణంలో ఈ మూడూ సమపాళ్లలో తూయించి ఒక గాజు సీసాలో వేస్తే మొదట కనిపించేవి గట్టి పలుకులే. చుక్క నీరు పోయనక్కర్లేదు, పొయ్యి మీద పెట్టనక్కర్లేదు. కాసేపటికి సీసా అంచుల వెంట తడి మొదలవుతుంది. నాలుగుసార్లు కుదిపితే పలుకులు మాయమై, మూత తీయగానే కళ్లు మండించే పల్చటి ద్రవం మిగులుతుంది. తెలుగిళ్లలో ‘అమృతధార’గా తెలిసిన మందు ఇదే.

ఇందులో మహత్తేమీ లేదు. వాము పువ్వు అంటే థైమాల్, అది 50 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుదీనా పువ్వు అంటే మెంథాల్, దానికి 42 డిగ్రీలు దాటాలి. కర్పూరానికైతే 175 డిగ్రీలు కావాలి. మూడూ కలిస్తే మాత్రం మామూలు గది వేడికే కరిగిపోతాయి. విడివిడిగా లేని గుణం కలయికలో పుట్టింది. బ్యాక్టీరియా విషయంలోనూ సుగంధ తైలాలు ఇలాగే కలిసి కొత్త బలం తెచ్చుకుంటాయా? శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా వెతుకుతున్న జవాబు ఇదే.

పాశ్చర్ శిష్యుడి నుంచి పుక్కిలింత దాకా

మసాలా దినుసులు ఆహారాన్ని పాడవకుండా కాపాడతాయని పచ్చళ్లు పెట్టేవాళ్లకు ఎప్పుడో తెలుసు. ల్యాబ్‌లో పరీక్ష పెట్టి చూసింది మాత్రం పారిస్‌లో, లూయీ పాశ్చర్ సహచరుడు చార్లెస్ చాంబర్లాండ్. 1887లో ఆయన రకరకాల నూనెల ఆవిరిని ఆంత్రాక్స్ క్రిమి మీదికి వదిలి, ఏది పెరుగుదలను ఆపుతుందో చూశాడు. దాల్చినచెక్క నూనె ముందు వరుసలో నిలిచింది.

అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1879లో, అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ అనే వైద్యుడు శస్త్రచికిత్సల కోసం క్రిమిసంహారి ఒకటి తయారుచేశాడు. క్రిమిరహిత శస్త్రచికిత్సకు ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ గౌరవార్థం దానికి లిస్టరిన్ అని పేరు పెట్టారు. ఆ సీసా మీది చీటీ చదివితే మన అమృతధారకు దూరపు చుట్టంలా ఉంటుంది. థైమాల్, మెంథాల్, నీలగిరి తైలంలోని యూకలిప్టాల్, వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ సాలిసిలేట్. నాలుగూ కలిపినా పావు శాతం కంటే కాస్త ఎక్కువ, అంతే. పంటి మీది పాచిని, చిగుళ్ల వాపును ఈ కలయిక తగ్గిస్తుందని మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది.

అయితే తర్వాత పుక్కిలింతగా మారిన లిస్టరిన్ జలుబునూ ఆపుతుందని దాన్ని అమ్మే కంపెనీ దశాబ్దాల తరబడి ప్రచారం చేసుకుంది. జలుబు తెచ్చేవి వైరస్‌లు, అవి చేరేది ముక్కు, గొంతు లోపలి పొరల్లోకి. నోట్లో ద్రవం తిప్పి ఉమ్మితే వాటికి ఏమీ కాదు. 1975లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనలు తప్పని తేల్చి, దిద్దుబాటు ప్రకటనలు ఇమ్మని ఆదేశించింది. సుగంధ తైలాల చరిత్ర అంతా ఇంతే. ఒక చోట రుజువైన గుణాన్ని పట్టుకుని అన్ని చోట్లా అమ్మడం.

మన దగ్గరా ఈ నూనెలకు పెద్ద వ్యాపార చరిత్రే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే తర్వాత ఆంధ్రపత్రిక వెలిసింది. హైదరాబాద్‌లో 1920లో పుట్టిన యునానీ మందు జిందా తిలిస్మాత్‌లో ప్రధాన సరుకు నీలగిరి తైలం. ఇవి నొప్పి, పడిశం వంటి బాధలకు వాడుతూ వచ్చినవి. క్రిముల లెక్క వేరు.

పొరకు చిల్లు

ప్రతి బ్యాక్టీరియా చుట్టూ కొవ్వుతో అల్లిన పల్చని పొర ఉంటుంది. లోపలి పొటాషియం బయటికి పోకుండా, బయటి హైడ్రోజన్ అయాన్లు ఇష్టం వచ్చినట్టు లోపలికి రాకుండా అది కాపు కాస్తుంది. ఈ తేడా వల్లే కణానికి శక్తి అందుతుంది. డాబా మీది ట్యాంకులో నీళ్లున్నంత సేపే కింద కుళాయి పారుతుంది. ట్యాంకు అడుగున పగులు పడితే మోటారు ఎంత ఆడినా లాభం లేదు. వాములోని థైమాల్, వాము ఆకులో ఉండే కార్వక్రాల్ చేసేది ఆ పగులే. ఇవి కొవ్వులో సులువుగా కలిసిపోయి పొర అల్లికను వదులు చేస్తాయి. అయాన్లు కారిపోతాయి, శక్తి తయారీ ఆగిపోతుంది.

అన్ని నూనెలదీ ఒకే దారి కాదు. దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్ కణం రెండుగా చీలడానికి కావలసిన ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. లవంగనూనెలో సింహభాగం యూజినాల్. అది పొరనూ, కొన్ని ఎంజైములనూ దెబ్బతీస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో యూజినాల్ కలిపిన ముద్దను దంత వైద్యులు తాత్కాలికంగా పన్ను నింపడానికి ఇప్పటికీ వాడుతున్నారు. ఆ క్లినిక్‌ల వాసనలో లవంగం పాలు అందుకే ఎక్కువ.

బ్యాక్టీరియాలన్నీ ఒకేలా లొంగవు. గడ్డలు, పుండ్లలో కనిపించే స్టాఫిలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ రకాలు తేలిగ్గా లొంగుతాయి. ఈ-కోలై వంటి గ్రామ్ నెగటివ్ రకాలకు పైన మరో పొర రక్షణగా ఉంటుంది, నూనె దాన్ని దాటడం కష్టం. కాలిన గాయాల్లో చేరి ఆసుపత్రులను వేధించే సూడోమోనాస్ వీటన్నిటిలోకీ మొండిది.

ఒకటికి ఒకటి తోడైతే

కలయిక సంగతి తేల్చడానికి ల్యాబ్‌లో 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు వాడతారు. అడ్డంగా ఒక నూనె మోతాదు, నిలువుగా ఇంకొకదాని మోతాదు గుంట గుంటకూ సగానికి తగ్గిస్తూ పోతారు. అన్నింటిలో ఒకే బ్యాక్టీరియా వేసి రాత్రంతా 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. తెల్లారి చూస్తే మసకబారిన గుంటల్లో క్రిమి పెరిగినట్టు, తేటగా ఉన్నవాటిలో ఆగినట్టు.

లెక్క సులువు. ఒక నూనె ఒంటరిగా క్రిమిని ఆపడానికి 8 పాళ్లు కావాలనుకుందాం, రెండోదానికి 4 పాళ్లు. కలిపినప్పుడు మొదటిది 2, రెండోది 1 పాలు సరిపోయాయి. అంటే ఒక్కోటి తన అసలు మోతాదులో నాలుగో వంతు, 0.25. రెండూ కూడితే 0.5. మొత్తం 0.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఒకదానికొకటి బలం ఇచ్చుకున్నట్టు. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నట్టు. మధ్యలో వస్తే చెప్పుకోదగ్గ తోడ్పాటు లేనట్టే. కలిపిన ప్రతి జంటా మొదటి గీత దాటదు. ‘ఏడు నూనెల మేళవింపు’ అని సీసా మీద ఉన్నంత మాత్రాన ఏడు రెట్ల బలం రాదు.

నిజంగా తోడ్పాటు కనిపించిన చోట దాని వెనక కారణం కూడా ముచ్చటగా ఉంటుంది. వాము నూనెలో థైమాల్‌తో పాటు పారా సైమీన్ అనే పదార్థమూ దండిగా ఉంటుంది. ఒంటరిగా అది దాదాపు నిర్వీర్యం. కానీ బ్యాక్టీరియా పొరలో చేరి దాన్ని ఉబ్బేలా చేస్తుంది. దాంతో కార్వక్రాల్ వంటివి లోపలికి చొరబడడం తేలికవుతుంది. 2000 సంవత్సరంలో డచ్ శాస్త్రవేత్తలు దీన్ని అన్నం మీదే పరీక్షించారు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి వాంతులు తెప్పిస్తుంది. ఉడికించినా దాని బీజాలు చావవు. కార్వక్రాల్‌కు సైమీన్ తోడైతే ఆ క్రిమిని ఆపడంలో రెండూ ఒకదానికొకటి బలమిచ్చుకున్నాయి.

నూనెకు యాంటీబయాటిక్ తోడైతే? 2009లో ఐఐటీ మద్రాస్ పరిశోధకులు యూజినాల్‌ను కొన్ని యాంటీబయాటిక్‌లతో కలిపి గ్రామ్ నెగటివ్ క్రిముల మీద ప్రయోగించి, మందు మోతాదు బాగా తగ్గించవచ్చని చూపించారు. యూజినాల్ పొరను దెబ్బతీస్తే మందుకు దారి దొరుకుతుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. కొత్త యాంటీబయాటిక్‌లు అరుదుగా వస్తున్న కాలంలో పాతవాటికి పదును పెట్టే ఇలాంటి ప్రయత్నాలకు విలువ ఎక్కువ.

ప్లేటు వేరు, పళ్లెం వేరు

ఇంత బలముంటే రెండు చుక్కలు మింగి రోగం తగ్గించుకోవచ్చు కదా? అక్కడే చిక్కు. యూరప్‌లో ఆరోగ్యవంతులైన వలంటీర్లకు థైమాల్ ఉండే థైమ్ మొక్క సారం మాత్రలిచ్చి రక్తం పరీక్షించారు. అందులో థైమాల్ జాడే లేదు, కనిపించింది శరీరం మార్చేసిన సల్ఫేటు రూపం ఒక్కటే. పేగు, కాలేయం అంత చురుగ్గా పనిచేస్తాయి. రక్తంలోనో ఊపిరితిత్తిలోనో ఉన్న క్రిమిని ఆపేంత మోతాదు అక్కడికి చేరాలంటే మనిషికే ముప్పు.

ఆహారంలోనూ ఇదే తంతు. కొవ్వు, ప్రోటీన్లు నూనెను తమలోకి లాగేసుకుంటాయి. ల్యాబ్‌లో సరిపోయిన మోతాదుకు సగం కొవ్వు తీసిన పాలలో రెండింతలు, సూపులో యాభై రెట్లు, మెత్తని చీజ్‌లో పాతిక నుంచి వంద రెట్లు కావాల్సి వచ్చింది. అంత వేస్తే ఆ చీజ్‌ను ఎవరూ నోట పెట్టలేరు. కలయికల అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ఒక్కోదాని పాలు తగ్గితే ఘాటూ తగ్గుతుంది.

ఒంటి పైపొర మీద మాత్రం కథ మారుతుంది. ఆస్ట్రేలియాలో టీ ట్రీ ఆకులను నలిపి పుండ్లకు కట్టడం బుండ్జలుంగ్ ఆదివాసుల వైద్యం. 1920లలో సిడ్నీ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ పెన్‌ఫోల్డ్ ఆ నూనె కార్బాలిక్ ఆమ్లం కంటే ఎన్నో రెట్లు మెరుగని తేల్చాడు. 2004లో బ్రిటన్‌లో, మందులకు లొంగని స్టాఫిలోకాకస్‌ను ఒంటి మీద మోస్తున్న రోగులపై ఆ నూనెను మామూలు చికిత్సతో పోల్చి చూశారు. ముక్కులో క్రిమిని తొలగించడంలో ముపిరోసిన్ మందు 78 శాతం మందిలో ఫలించగా టీ ట్రీ క్రీము 47 శాతంతో వెనకబడింది. కానీ చర్మం మీద, పైపుండ్లలో వాడుకలో ఉన్న క్రిమిసంహారుల కంటే టీ ట్రీనే నయమనిపించింది.

పశువుల మేతలోనూ చోటు దొరికింది. కోళ్లు, పందులు త్వరగా పెరగడానికి యాంటీబయాటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మనదేశం 2019లో కొలిస్టిన్‌ను పశుపక్ష్యాదుల పెంపకంలో వాడకూడదంది. ఆ ఖాళీలోకి థైమాల్, కార్వక్రాల్, సినమాల్డిహైడ్ మిశ్రమాలు వచ్చి చేరుతున్నాయి. కోడి పేగు మేత నేరుగా వెళ్లే చోటు గనుక నూనెకు అక్కడ పని దొరుకుతుంది.

సీసాలో ఏముంది?

కర్నూలు జిల్లా నల్లరేగడి నేలల్లో వర్షం మీద ఆధారపడి వాము పండిస్తారు. వాము గింజలను ఆవిరి పట్టి తీస్తే నూనె నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు వస్తుంది. అందులో సగం వరకూ థైమాల్ ఉండవచ్చు, చాలా తక్కువా ఉండవచ్చు. విత్తనం, నేల, కోత సమయాన్ని బట్టి మారుతుంది. తులసిదీ అదే తీరు. ఒక రకంలో యూజినాల్ ఎక్కువ, మరో రకంలో వేరే పదార్థం. పైగా మార్కెట్లో దొరికే థైమాల్ చాలావరకు మెటా క్రెసాల్ నుంచి కర్మాగారాల్లో తయారయ్యేదే. అణువు అదే గనుక క్రిమిని చంపడంలో తేడా లేదు. తోడుండే సైమీన్ మాత్రం అందులో ఉండదు. అందుకే నూనె కొనేటప్పుడు ఏ పదార్థం ఎంత శాతమో చూపే ల్యాబ్ నివేదిక అడగడం మేలు.

ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి

• నూనెను నేరుగా చర్మానికి, పుండుకు రాయవద్దు. దాల్చినచెక్క నూనె చర్మాన్ని కాల్చినంత పని చేస్తుంది. పాతబడి గాలి తగిలిన టీ ట్రీ నూనెతో దద్దుర్లు ఎక్కువ.

• చిన్నపిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం లోపలికి ఇవ్వకండి, ముక్కు దగ్గర పూయకండి. కొద్ది మోతాదుకే మూర్ఛ రావచ్చు. మూర్ఛ వ్యాధి ఉన్న పెద్దలకూ ఇదే జాగ్రత్త.

• నొప్పి నూనెల్లో ఉండే వింటర్‌గ్రీన్ నూనె శుద్ధంగా ఒక చెంచాడు మింగితే 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే. సీసా పిల్లలకు అందని చోట పెట్టండి.

• జ్వరం, చీము, ఊపిరాడకపోవడం ఉంటే నూనెలతో కాలక్షేపం చేయక డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

‘వీటికి క్రిములు అలవాటుపడవు’ అన్న మాటనూ పూర్తిగా నమ్మలేం. చంపలేనంత తక్కువ మోతాదు పదే పదే తగిలితే బ్యాక్టీరియా తట్టుకునే గుణం పెంచుకున్న దాఖలాలు ల్యాబ్‌లలో ఉన్నాయి. యాంటీబయాటిక్‌లను చాలీచాలని మోతాదుల్లో వాడి తెచ్చుకున్న తంటానే ఇక్కడా పొంచి ఉంది.

మొత్తం మీద ఈ నూనెలకు దేవుడు రాసిపెట్టిన చోటు ఒంటి లోపల కాదు, పైన. నోరు, చర్మం, పన్ను, వంటసామాను, కోడి మేత, ఆసుపత్రి గచ్చు. క్రిమి నేరుగా చేతికందే చోట్లన్నీ వీటివే. అక్కడ తెలివిగా జతకట్టిన రెండు నూనెలు తక్కువ ఘాటుతో ఎక్కువ పని చేయగలవు; ఏ జత, ఏ పాళ్లలో అన్నది ఒక్కో క్రిమికీ విడిగా తేల్చుకోవాల్సిన లెక్క. ఒంటి లోపలి జబ్బుకు మాత్రం డాక్టర్ రాసిన మందు, రాసినన్ని రోజులు, పూర్తిగా వాడాల్సిందే.