సూట్‌కేసు చీటీ చెప్పిన వీరగాథ

బరంపురం నుంచి షికాగోలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, సూట్‌కేసుకు కట్టిన చీటీ మీద ‘ఓఆర్‌డీ’ అని ఉంది. విమానాశ్రయం పేరేమో ఓహేర్. మరి ఈ అక్షరాలేమిటని అడిగాను.

“పాత పేరు ఆర్చర్డ్ ఫీల్డ్ నాన్నా. 1949లో ఓహేర్ అని మార్చారు. అక్షరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి” అన్నాడు.

ఖాతా పేరు మారినా నంబరు మారనట్టన్నమాట! ఇంతకీ ఎవరీ ఓహేర్?

ఎడ్వర్డ్ ‘బుచ్’ ఓహేర్ అమెరికా నౌకాదళంలో ఫైటర్ పైలట్. 1942 ఫిబ్రవరి 20న ‘లెక్సింగ్టన్’ అనే విమానవాహక నౌక మీదికి జపాను బాంబర్లు రెండు దళాలుగా వచ్చాయి. మిగతా ఫైటర్లు మొదటి దళం వెంటపడ్డాయి. రెండో దళాన్ని అడ్డుకోవడానికి మిగిలినవి రెండే. అందులో ఒకదాని తుపాకులు మొరాయించాయి. ఎనిమిది తొమ్మిది బాంబర్లకు ఓహేర్ ఒక్కడే ఎదురు నిలిచాడు.

అతని వైల్డ్‌క్యాట్ విమానానికి 4 తుపాకులు, ఒక్కొక్కదానికి 450 తూటాలు. ఆపకుండా కాలిస్తే అర నిమిషం పైచిలుకులో ఖాళీ. అందుకే బాగా దగ్గరకు వెళ్ళి, ఇంజన్లకు గురిపెట్టి, పొదుపుగా కాల్చాడు. 5 విమానాలు కూల్చాడని అప్పట్లో లెక్క కట్టారు. యుద్ధానంతరం జపాను రికార్డులు చూస్తే 3 అని తేలింది. అంకె తగ్గినా విలువ తగ్గలేదు. నౌక మీద ఒక్క బాంబూ పడలేదు. అమెరికా అత్యున్నత సైనిక పతకం అతనికి దక్కింది. 1943 నవంబరు 26 రాత్రి గిల్బర్ట్ దీవుల దగ్గర పోరుకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి వయసు 29.

ఇతని తండ్రి ఎవరనుకున్నారు? పేరుమోసిన నేరగాడు అల్ కపోన్‌కు వకీలు, వ్యాపార భాగస్వామి. తర్వాత కపోన్ మీది పన్ను ఎగవేత కేసులో ప్రభుత్వానికి సాయపడ్డాడు. 1939లో షికాగో వీధిలో అతన్ని కాల్చి చంపారు. అదే ఊరి విమానాశ్రయానికి ఇప్పుడు కొడుకు పేరు.

ఇది విన్నాక నాకొక పాత సంగతి గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు చదువు అప్పు కోసం నా బల్ల ముందు నిలబడ్డాడు. వాళ్ళ నాన్న పేరు మొండిబాకీల జాబితాలో ఉంది. దరఖాస్తు వెంటనే తిప్పి ఇచ్చేశాను. ఆ అబ్బాయి మార్కుల కాగితం తెరిచి కూడా చూడలేదు.

తండ్రి ఖాతా వేరు, కొడుకు ఖాతా వేరు. బ్యాంకులో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు ఆ సంగతి ఒక సూట్‌కేసు చీటీ నేర్పింది.