మిక్సింగ్ పూర్తయింది.. వీడియో రాదేం?

ముహూర్తాల కాలం వచ్చిందంటే ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఫొటో స్టూడియోలకు తీరిక దొరకదు. మిర్యాలగూడ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి వంటి పట్టణాల్లో పెళ్లి వీడియోల మిక్సింగ్ అర్ధరాత్రి దాకా సాగుతుంటుంది. కూర్పు అంతా ముగిశాక, తుది వీడియోను ఫైలుగా మార్చే ‘ఎక్స్‌పోర్ట్’ దగ్గర చిక్కులు ఎదురవుతుంటాయి. పని సగంలో ఆగిపోతుంది. లేదంటే మాటలకు, పెదవులకు పొంతన కుదరదు. పెన్‌డ్రైవ్ టీవీలో ఆడదు. మాంగల్యధారణ, తలంబ్రాల ఘట్టాలను మళ్లీ చిత్రీకరించడం సాధ్యం కాదు. అందుకే కంగారుపడి ఫైళ్లు చెరపకుండా, లోపాన్ని వరుసక్రమంలో వెతకాలి.

ఒకే చోటా.. వేర్వేరు చోట్లా?

ముందుగా ఎక్స్‌పోర్ట్‌ను రెండుసార్లు ప్రయత్నించి, ఎక్కడ ఆగుతోందో రాసుకోవాలి. రెండుసార్లూ ఒకే చోట ఆగితే లోపం ఆ భాగంలోని క్లిప్పు, ఎఫెక్టు లేదా టైటిల్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగితే కంప్యూటర్‌ను అనుమానించాలి. ఎడియస్, ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్.. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ పరీక్ష వర్తిస్తుంది.

ఆగిన చోటు స్పష్టంగా తెలియకపోతే కూర్పును రెండు సగాలు చేసి విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆగిన సగాన్ని మళ్లీ రెండుగా విడదీయాలి. మూడు గంటల వీడియోలోనైనా ఇలా ఐదుసార్లు చేస్తే లోపం ఆరు నిమిషాల లోపు భాగానికి పరిమితమవుతుంది. అక్కడి ఎఫెక్టును తొలగించి చూడాలి. ఫలితం లేకుంటే ఆ క్లిప్పును మెమరీ కార్డు నుంచి మళ్లీ కాపీ చేసుకోవాలి. పరీక్ష కోసం పెట్టిన ‘ఇన్’, ‘అవుట్’ గుర్తులను తర్వాత తీసేయాలి. మరిచిపోతే ఆ ముక్క మాత్రమే ఫైలుగా వస్తుంది.

ఖాళీ ఎంతుంది?

సెకనుకు 20 మెగాబిట్ల నాణ్యతతో తీసే మూడు గంటల వీడియోకు సుమారు 27 జీబీ స్థలం కావాలి. సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లకు అదనంగా చోటు ఉండాలి. హార్డ్‌డిస్క్ నిండితే ఎక్స్‌పోర్ట్ మధ్యలోనే ఆగుతుంది.

పెన్‌డ్రైవ్‌ల విషయంలో మరో మెలిక ఉంది. ‘ఫ్యాట్ 32’ పద్ధతిలో ఫార్మాట్ చేసిన వాటిలో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు. 64 జీబీ ఖాళీ ఉన్నా ఇదే పరిస్థితి. పై నాణ్యతలో ఇది సుమారు 28 నిమిషాల వీడియోకు సమానం. వీడియోను భాగాలుగా ఇవ్వడం ఒక మార్గం. వినియోగదారుని టీవీ అంగీకరిస్తే ‘ఎక్స్‌ఫ్యాట్’లో ఫార్మాట్ చేయవచ్చు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయన్నది గుర్తుంచుకోవాలి.

ఫోన్ దృశ్యాలతో తంటా

మన దేశంలో పెళ్లి వీడియోలను సాధారణంగా సెకనుకు 25 ఫ్రేముల చొప్పున కూర్చుతారు. బంధువులు పంపే ఫోన్ వీడియోలు ఎక్కువగా 30 ఫ్రేములవి. పైగా ఆ వేగం వెలుతురును బట్టి మారుతుంటుంది. దాంతో పోనుపోను శబ్దం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఉచితంగా లభించే హ్యాండ్‌బ్రేక్ వంటి సాఫ్ట్‌వేర్‌తో వాటిని స్థిరమైన ఫ్రేముల వేగానికి మార్చాకే కూర్పులో చేర్చాలి.

టీవీలో శబ్దం వస్తూ బొమ్మ కనిపించకపోతే వీడియోను కుదించిన పద్ధతిని చూడాలి. 2013లో వచ్చిన హెచ్.265ను పాత టీవీలు చదవలేవు. 2003 నాటి హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలుగా ఇస్తే చాలా టీవీల్లో ఆడుతుంది.

ఎండా కారణమే

వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు మండువేసవిలో వస్తాయి. గంటల తరబడి సాగే ఎక్స్‌పోర్ట్‌తో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతాయి. ఫ్యాన్లలో దుమ్ము పేరుకుంటే కంప్యూటర్ దానంతటదే ఆగిపోవచ్చు. దుమ్ము తుడిపించి, పెద్ద పనులను రాత్రివేళ పెట్టుకోవడం మేలు. కరెంటు పోయినా పని నిలవకుండా యూపీఎస్ తప్పనిసరి. గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తుంటే దాని సాయం లేకుండా, ప్రాసెసర్‌తోనే ఎక్స్‌పోర్ట్ చేసే ఎంపిక ప్రీమియర్ ప్రో వంటి వాటిలో ఉంది. సమయం ఎక్కువ పట్టినా ఫైలు చేతికొస్తుంది.

చూశాకే చెరపాలి

ఎక్స్‌పోర్ట్ పూర్తయిందన్న సందేశం కనిపించినంత మాత్రాన వీడియో సవ్యంగా ఉందనుకోరాదు. మొదటి నుంచి చివరి వరకు ఒకసారి చూడాలి. వినియోగదారుని టీవీలోనూ ఆడిందని తెలిశాకే అసలు దృశ్యాలను తొలగించాలి. అప్పటివరకు అవి రెండు వేర్వేరు హార్డ్‌డిస్క్‌ల్లో ఉండాలి. పెళ్లివారు కూడా వీడియో అందుకున్న వారంలోపే పూర్తిగా చూసి, లోపాలుంటే స్టూడియోకు తెలపాలి. ఆలస్యమైతే సరిచేయడానికి అసలు దృశ్యాలు మిగలకపోవచ్చు.