తిండి మానిన పిల్లి, ఉబ్బిన పొట్ట

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల్లో పట్టుపురుగుల పెంపకం ఎక్కువ. పురుగులను ఎలుకలు తినేస్తాయి కనుక షెడ్డు దగ్గర ఒక పిల్లి తిరుగుతూ ఉంటే రైతుకు మేలే. అయితే అలాంటి పిల్లికి విడిగా గిన్నె ఉండదు. అది ఎప్పుడు తిండి మానిందో ఎవరూ గమనించరు. పొట్ట పెరిగాక చూసి ‘బాగా తిన్నట్టుంది’ అనో, ‘కడుపుతో ఉంది’ అనో అనుకుంటారు. విలువైన రోజులు అక్కడే పోతాయి.

ముందు తిండి సంగతి చూద్దాం. కుక్క రెండు మూడు రోజుల పస్తును తట్టుకోగలదు. పిల్లి అలా తట్టుకోలేదు. తిండి ఆగగానే దాని ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కనుక అది కణాల్లోనే పేరుకుపోతుంది, చిగుళ్లు, చెవుల లోపలి భాగం పసుపుబారతాయి. లావు పిల్లులకు ఈ ముప్పు ఎక్కువ. అంటే తినకపోవడం రోగ లక్షణమే కాదు, మరో రోగానికి కారణం కూడా. ఒక రోజంతా ఏమీ ముట్టని పిల్లిని వైద్యుడికి చూపించాలి. చిన్న పిల్ల అయితే అంతసేపు కూడా ఆగరాదు.

ఇక పొట్టలో నిండినదేమిటి? చూలు పిల్లి సాధారణంగా బాగా తింటుంది, చనుమొనలు గులాబీ రంగుకు తిరుగుతాయి, సుమారు 9 వారాల్లో ఈనుతుంది. పిల్లల్లో కుండ పొట్టకు తరచుగా ఏలికపాములు కారణం. ఇవి తల్లి పాల ద్వారా కూడా సోకుతాయి. బరువును బట్టి వైద్యుడిచ్చే మందుతో పోతాయి.

పొట్ట పెరుగుతూ, వెన్నెముక మాత్రం చేతికి గట్టిగా తగులుతుంటే లోపల నీరు చేరిందని అనుమానించాలి. కాలేయ వ్యాధి, గుండె జబ్బు, కణితి ఇందుకు కారణం కావచ్చు. రెండేళ్లలోపు పిల్లికి తగ్గని జ్వరం కూడా ఉంటే పిల్లుల కరోనా వైరస్‌ను గుర్తు చేసుకోవాలి. ఇది మనుషుల కోవిడ్ వైరస్ కాదు. చాలా పిల్లుల పేగుల్లో పెద్దగా హాని చేయకుండానే ఉంటుంది. కొన్నింటిలో మాత్రం రూపం మార్చుకుని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. అప్పుడు పసుపుపచ్చని జిగట ద్రవం పొట్టలోకి ఊరుతుంది. ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో 31 పిల్లులకు జీఎస్-441524 అనే మందు ఇవ్వగా 25 దీర్ఘకాలం బతికాయి. 2020లో హైదరాబాదులో కూడా తయారైన రెమ్‌డెసివిర్ శరీరంలో చేరాక మారే రూపమే ఇది.

మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని, చుక్క కూడా రాక అరుస్తూ, పొత్తికడుపు గట్టిపడితే అది అన్నిటికంటే అత్యవసరం. మూత్రమార్గం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. తెల్లవారాక చూద్దామనుకోకూడదు. ఎలుకల మందు తిన్నప్పుడు, అరుదుగా మందు తిన్న ఎలుకను తిన్నప్పుడు కూడా, కొన్ని రోజుల తర్వాత లోపల రక్తస్రావం కావచ్చు. చిగుళ్లు పాలిపోవడం దాని గుర్తు. ఇంట్లో, షెడ్డులో ఏ మందు పెట్టారో, వీలైతే దాని పొట్లంతో సహా వైద్యుడికి చూపించాలి.

ఇంటి వైద్యంలో ఒకదాన్ని గట్టిగా నిషేధించాలి: పారాసిటమాల్. దీన్ని విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒక్క మాత్ర చంపగలదు. జ్వరమని జాలిపడి ఇచ్చే మాత్ర ఇదే కావడం విచారకరం. పొట్టను పిసకడం, నోట్లో బలవంతంగా నూనె పోయడం కూడా తగవు.

దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు పిల్లిని గాలి ఆడే బుట్టలో తీసుకెళ్లండి. చివరిసారి ఎప్పుడు తింది, మూత్రం వస్తోందా, వాంతులున్నాయా, వయసెంత అన్నవి ముందే కాగితంపై రాసుకోండి. వైద్యుడు సూదితో కొద్దిగా ద్రవం తీసి చూస్తారు. అది పసుపు జిగటగా ఉందా, నీళ్లలా ఉందా, రక్తమా అన్నదాన్ని బట్టి తర్వాతి పరీక్షలు నిర్ణయిస్తారు. పెద్ద పరీక్షలు అవసరమైతే తిరుపతి పశువైద్య కళాశాల ఉంది. కుప్పం వారికి రైలు మార్గంలో బెంగళూరు కూడా అందుబాటులోనే ఉంది.